తవిటినాయుడు దున్నిన కొండవాలు

కొండ కింది పల్లెలో తవిటినాయుడనే రైతు ఉండేవాడు. జానెడు నేల ఖాళీగా కనబడినా అతని ప్రాణం ఊరుకునేది కాదు.

అతని ఇంటి వెనక వాలులో వెదురు, ఉసిరి, అడవిగడ్డి దట్టంగా ఉండేవి. ఒక వేసవిలో వాటన్నిటినీ నరికించి, వేళ్లు పెకలించి, అల్లం వేద్దామని పైనుంచి కిందికి నిలువుగా దున్నించాడు. పక్క వాలు గున్నమ్మ అనే పెద్దావిడది. నరుకుడు మొదలైన రోజే ఆమె హద్దు దగ్గరికి వచ్చి, "ఒరే తవిటీ, ఆ వేళ్లేరా మట్టిని పట్టుకున్నవి. కింద నీ ఇల్లుంది, పిల్ల ఉంది. పై సగమైనా వదిలెయ్యి" అంది.

"వెదురు వండుకు తింటామా అత్తా?" అని నవ్వేశాడు తవిటినాయుడు.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున ఇంటి వెనక నీళ్లు ఎర్రగా, చిక్కగా దిగసాగాయి. మధ్యాహ్నానికి పశువుల పాక గోడ నెర్రె విచ్చింది. కొండ లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు వినబడింది.

"సీతాలు ఏదీ?" అని తవిటినాయుడు కూతురి కోసం అరిచాడు.

"దూడని విప్పి తెస్తానని పాకలోకి వెళ్లింది" అంది భార్య నూకాలు.

అతను గడప దాటేలోగా వాలు కదిలింది. బురదా బండలూ ఒక్కుమ్మడిగా దిగి పాకను మింగేశాయి. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సీతాలూ!" అంటూ వట్టి చేతులతో బురద తవ్వాడు. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. ఎవరూ పలకలేదు. ఇంతలో వేళ్లకు మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. లాగడానికి ధైర్యం చాలక కాసేపు అలాగే ఉండిపోయాడు. చివరికి కళ్లు మూసుకుని లాగాడు. అది దూడ. ఊపిరి లేదు.

"తవిటీ! ఇటు రా! పిల్ల ఇక్కడుంది!" అని గున్నమ్మ కేక వినబడింది.

పాక కూలుతుంటే బయటికి దూకిన సీతాలును బురద పక్కకు ఈడ్చుకుపోయింది. గున్నమ్మ హద్దులోని వెదురు పొద చేతికి చిక్కితే పట్టుకుని వేలాడింది. ఆ వాలులో పిడికెడు మట్టి కూడా జారలేదు. తండ్రి ఎత్తుకోగానే పిల్ల అతని మెడను గట్టిగా కరుచుకుంది.

ముసురు వెలిశాక తవిటినాయుడు గున్నమ్మ వాకిట నిలబడ్డాడు. "ఏం చెయ్యమంటావో చెప్పు అత్తా" అన్నాడు. ఆమె చెప్పినట్టే పై వాలును చెట్లకు వదిలాడు. నడుమ అడ్డంగా రాతి గట్లు కట్టాడు. అడుగున, నేల చదునుగా ఉన్నచోట మాత్రమే అల్లం వేశాడు. పంట తగ్గింది. మబ్బు కమ్మితే సీతాలు ఇప్పటికీ వణికిపోతుంది.

ఎంత దున్నాలో, ఎంత వదలాలో ఎరగనివాడు తన పిల్లల కాళ్ల కింది నేలనే పోగొడతాడు.