సుంకులమ్మ ఏం దాచింది

ఎప్పుడో, మా ఊరి కొండ ఇంకా బోడికొండగా ఉన్న కాలంలో జరిగిన మాట ఇది. నమ్మేవాళ్ళు వినండి. నమ్మనివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిగి వినండి, ఎందుకంటే ఇది నమ్మనివాళ్ళ కథ.

మా ఊరికి అనుమానం పుట్టుకతోనే ఉంది. కొత్త అల్లుడు నవ్వితే ఎందుకు నవ్వాడంటారు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారు. అందరిలోకీ పెద్ద అనుమానం ఊరిపెద్ద పుల్లప్పది. ఆయన మా ముత్తాతకు తాత. కాబట్టి నేను ఎవరినో ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి, మా ఇంటి సంగతే చెబుతున్నాను.

ఒక కరువు ఏడాది పడమటి నుంచి మా ఊరికి ముగ్గురు మనుషులు, తొమ్మిది మేకలు వచ్చాయి. ముసలి ఓబన్న, అతని పెళ్ళాం సుంకులమ్మ, కోడలు ఈరమ్మ. కొడుకు దారిలోనే జ్వరం తగిలి పోయాడు. కోడలికి అప్పుడు మూడో నెల. అంతకుముందు రెండు ఊళ్ళు వాళ్ళను పొమ్మన్నాయి. మాది మూడో ఊరు.

కొండ కింద దొడ్డి వేసుకున్నారు. పాలు పిండి ఇంటింటికీ పోసి, గింజలు తీసుకునేవాళ్ళు. పాలు చిక్కగా ఉండేవి. అదే మొదటి అనుమానం. నీళ్ళు కలపని పాలు మా ఊరు అంతకుముందు చూడలేదు మరి.

పోనుపోను ఇంకా మూడు విడ్డూరాలు కనబడ్డాయి. సుంకులమ్మ మేకకున్న రెండు చన్నుల్లో ఒకటే పిండేది. మేకలు ఒక పొద దగ్గర నాలుగు కొరుకులు కొరకగానే ముందుకు తోలేసేది. రోజూ పొద్దున్నే దొడ్డి ఊడ్చి, ఏదో ఏరి కొంగున ముడేసుకుని, గునపం పట్టుకుని కొండెక్కేది.

"ఏదో ఉంది. ఊరికే ఎవరూ చెయ్యరు" అంది ఊరు.

పుల్లప్ప ఆమెను నిలేసి అడిగాడు.

"ఏమ్మే, రెండో చన్ను ఎవురికి దాస్తాండావు?"

"దాని పిల్లకన్నా."

"పొదకు ఇంకా ఆకుండాదే, యాల తోలుకుపోతాండావు?"

"మళ్ళా చిగురెయ్యాల కదన్నా."

"కొండమింద ఏం పూడుస్తాండావు?"

"తుమ్మగింజలన్నా. వంక కాడ మేకలు కాయలు తింటాయి. నెమరేసి గింజలు నోట్లోంచి దొడ్లో ఊంచేస్తాయి. ఆ గింజ తొందరగా మొలుస్తాది."

అడిగినదానికి అడిగినట్టు చెప్పింది. మా ఊరు దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ, ఇంత తిన్నగా జవాబు చెబితే ఓర్చుకోలేదు.

"ఏదో ఉంది" అన్నాడు పుల్లప్ప.

ఎండలు ముదిరాయి. ఊళ్ళో ఆవులన్నీ వట్టిపోయాయి. సుంకులమ్మ మేకలు మాత్రం పాలిస్తూనే ఉన్నాయి. దాంతో ఊరి అనుమానానికి కాళ్ళొచ్చాయి. మన ఆవుల పాలు లాక్కునే మందేదో కొండమీద పూడ్చిందన్నారు.

పుల్లప్ప తెల్లవారగానే ఆమె వెనకాలే కొండెక్కాడు. ఆమె దిగిపోగానే ఆ చోటు తవ్వాడు. తుమ్మగింజలు. మర్నాడు తవ్వాడు. తుమ్మగింజలు. మూడోనాడు తవ్వాడు. తుమ్మగింజలే.

మరొకరైతే చాలనుకునేవాళ్ళు. పుల్లప్ప అనుకోలేదు. "నేనొస్తానని తెలిసి పైన గింజలు పెట్టింది. అసలుది లోతున ఉంది" అన్నాడు.

ఊరంతా కూడింది. సుంకులమ్మ కుటుంబాన్ని పిలిపించారు.

"దాచిందేందో ఏరువాక లోపల చూపీండి. లేకుంటే మేకల్ని ఈడే ఇడ్సి ఊరు దాటండి" అన్నాడు పుల్లప్ప.

అప్పటికి ఈరమ్మకు ఏడో నెల. దూరం నడవలేని మనిషి. మేకలు లేకపోతే ఆ ముగ్గురికీ తిండి లేదు.

"పోదాం అత్తా. వీళ్ళు నమ్మరు" అంది ఈరమ్మ కళ్ళనీళ్ళతో.

"యాడికి పోతాం తల్లీ? నాలుగో ఊరు మాత్రం నమ్ముతాదా?" అంది సుంకులమ్మ. పుల్లప్ప వైపు తిరిగి, "నా కాడ ఉండేది అదేనన్నా. కావాలంటే కొండంతా తవ్వుకోండి" అంది.

తవ్వారు. ఇంటికొక గడ్డపార చొప్పున కొండెక్కింది. ఆ ఎండలో, ఆ రాళ్ళలో, సొంత చేను కూడా ఎన్నడూ అంత లోతుగా దున్నని మనుషులు ఒళ్ళు హూనం చేసుకుని తవ్వారు.

సుంకులమ్మ వాళ్ళకు మజ్జిగ తెచ్చింది. "ముందు నువ్వు తాగు" అన్నారు. తాగింది. రెండోనాడు తెస్తే, "నీ మొగునితో తాగించు" అన్నారు. ఓబన్న తాగాడు. మూడోనాడు మేకపిల్లతో తాగించమన్నారు. అదీ తాగింది. అప్పుడు మాత్రం కుండ అడుగుదాకా తాగి, ఇంకొంచెం ఉందా అని అడిగారు.

వాళ్ళు తవ్వి వదిలేసిన గుంటల్లోనే సుంకులమ్మ గింజలు వేసి మట్టి కప్పేది. మేకలు చేరకుండా ఓబన్న పైన ముళ్ళకంప పెట్టేవాడు. అది చూసి ఊరు, "అదిగో, మళ్ళీ దాస్తోంది" అని ఆ గుంటలనే ఇంకా లోతు చేసేది. ఆమె మళ్ళీ గింజలు తెచ్చేది.

అలా ఒకరోజు మిట్టమధ్యాహ్నం, గుంట పక్కన వంగిన సుంకులమ్మ మరి లేవలేదు. వడదెబ్బ అన్నారు. అందరికంటే ముందు పరుగెత్తింది పుల్లప్పే. ఎందుకు పరుగెత్తాడో చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది. ఆమె మీద జాలితో కాదు, ఆమె కొంగు ముడి కోసం.

ముడి విప్పాడు. తుమ్మగింజలు. అరచేతిలో పోసుకుని తిప్పి చూశాడు. ఒకటి పంటి కింద పెట్టి చూశాడు. తుమ్మగింజే. ఇక అడగడానికి ఆమె లేదు. చెప్పాల్సింది మూడు నెలల కిందటే చెప్పేసింది. అప్పుడు ఆయన కళ్ళు తుడుచుకున్నాడట. అడిగితే దుమ్ము పడిందన్నాడట.

ఓబన్న ఆమెను మట్టిచేసి వచ్చి, ఈరమ్మ చెయ్యి పట్టుకుని ఊరు దాటబోయాడు. పుల్లప్ప అడ్డం నిలబడ్డాడు.

"యాడికి? ఈ గింజల్లో ఏముందో తేలేదాకా మీరు కదిలేదానికి లేదు. మా కళ్ళెదుటనే ఉండాల. బిడ్డ పుట్టినా ఈడే, పెరిగినా ఈడే."

తప్పు ఒప్పుకోవడం మా వంశంలో లేదు. ఆయనకు చేతనైన క్షమాపణ అదే. ఓబన్నకు అది అర్థమైంది. మూట దించాడు.

చేతిలో ఉన్న గింజల్ని పుల్లప్ప తనే గుంటలో వేశాడు. ఏం మొలుస్తుందో చూడాలని రోజూ కొండెక్కి కాపలా కూర్చున్నాడు. వానలు పడ్డాయి. అనుమానం తవ్విన గుంటలన్నీ నీళ్ళు పట్టాయి. నీళ్ళు పట్టిన గుంటలన్నీ మొలకెత్తాయి. ఈరమ్మకు ఆడపిల్ల పుట్టేనాటికి మొలకలు మోకాలెత్తు. ఆ పిల్ల మేకలు తోలేనాటికి కొండంతా తుమ్మ నీడ.

అప్పటినుంచి దాన్ని సుంకులమ్మ కొండ అంటారు. మా ఊళ్ళో మేకను పిండేవాళ్ళు ఇప్పటికీ ఒక్క చన్నే పిండుతారు. రెండోదాని మీద చెయ్యి పడిందా, "సుంకులమ్మ చూస్తాంటాది" అని ఎవరో ఒకరు అంటారు. ఏటా ఎండాకాలంలో ఇంటికి మూడు గుంటలు కొండమీద తవ్వి, దొడ్లో ఏరిన గింజలు వేస్తారు. పొరుగూరివాళ్ళు చూసి ఎందుకీ గుంటలని అడిగితే, "సుంకులమ్మ ఏదో దాచింది. ఎతుకుతాండాం" అంటారు.

ఇంతవరకూ ఏమీ దొరకలేదు. తవ్వడం మాత్రం ఎవరూ మానలేదు.