మాస్టారి తల మీద పసుపు

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలో ఒక బడి. అక్కడ తోడేలుపిల్లా కుందేలుపిల్లా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకునేవి. బడి ఆవరణలో ఎవరూ ఎవరినీ తినకూడదని నియమం. మంచి నియమమే, ఏమంటారు?

తొలకరి వాన పడిన రోజున ఆ బడిలో పిల్లలంతా నాట్యం చేస్తారు. ఆ ఏడు ఎండాకాలంలో బడికి కొత్త హెడ్‌మాస్టరు వచ్చాడు. ఆయన ఒక తెల్ల కొంగ, పేరు ధవళయ్య. తను తెల్లగా ఉంటాడు కనుక తెలుపే మర్యాద అని ఆయన గట్టి నమ్మకం.

"నాట్యానికి ఎరుపూ పసుపూ పనికిరావు! ఆ రంగులు చూస్తే పక్కవాళ్ల బుద్ధి చెడుతుంది. ఎవరికైనా సరే, ఇదే నియమం" అని ప్రకటించాడు. గేటు దగ్గర తాబేలు తాతను కాపలా పెట్టాడు. తాతకు చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప ఇంకోటి తెలియదు.

వాన పడనే పడింది. పిల్లలంతా గేటు దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. మాస్టారు కూడా పక్కనే నిలబడ్డాడు.

ముందు గిజిగాడు వచ్చాడు. వానలకు వాడి తల పసుపుపచ్చగా మారింది. "ఆకు టోపీ పెట్టుకో" అన్నాడు మాస్టారు. టోపీ కళ్ల మీదకు జారి, పాపం, వాడు గోడకు గుద్దుకుంటూ లోపలికి వెళ్లాడు.

తర్వాత కప్ప వచ్చాడు. వానకు వాడి ఒళ్లంతా పసుపుపచ్చగా మారింది. "బురద పూసుకో" అన్నాడు మాస్టారు. వాడు దురదకు గోక్కుంటూ వెళ్లాడు.

చివరికి మందారం వచ్చింది. అది కందిగింజంత ఆరుద్ర పురుగు. ఒళ్లంతా మెత్తటి ఎరుపు. ఆకు కప్పితే అడుగు కదల్లేదు. బురద పూస్తే ఊపిరాడలేదు.

"ఇది నేను వేసుకున్న గౌను కాదండీ, నా ఒళ్లే!" అంది మందారం. "తొలకరికి నాలుగు రోజులు పైకి వస్తాను. తర్వాత మళ్లీ ఏడాది దాకా మట్టిలోనే ఉంటాను. నన్ను ఆడనివ్వండి మాస్టారూ!"

"కుదరదు. నియమం నియమమే" అన్నాడు మాస్టారు.

మందారం పుట్టగొడుగు కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు దర్జాగా రెక్కలు దులుపుకుని లోపలికి నడిచాడు. తాబేలు తాత అడ్డం వచ్చాడు.

"ఆగండి మాస్టారూ. తల మీద పసుపు."

"నాకా? నీకు చత్వారం వచ్చింది తాతా!"

పక్కనే నీటి గుంట ఉంది. మాస్టారు అందులోకి తొంగి చూశాడు. తలా మెడా వీపూ పండిన మామిడిపండు రంగులో ఉన్నాయి! ఎవరి తల వాళ్లకు కనిపించదు కదా. ఏటా వానలకు తనకు రంగొస్తుందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు.

"నేను హెడ్‌మాస్టర్ని, తాతా!"

"ఎవరికైనా సరే అన్నారు కదండీ."

"నేను కావాలని పూసుకున్నానా? అదే వచ్చింది!"

"ఆ పాప కూడా అదే చెప్పిందండీ" అన్నాడు తాత.

మాస్టారు వెనక్కి తిరిగాడు. వెళ్లి పుట్టగొడుగు పక్కన తడుస్తూ నిలబడ్డాడు. లోపల వడ్రంగిపిట్ట డప్పు మొదలెట్టింది. మాస్టారి కాళ్లు వాటంతటవే ఆడాయి. లోపల అందరూ ఉన్నారు, తను మాత్రం బయట. ఆయనకు చాలా బాధేసింది.

"ఏడవకండి మాస్టారూ, మీకు ఆ రంగు చాలా బాగుంది" అంది మందారం కళ్లు తుడుచుకుంటూ.

ఆ మాటకు ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు. "నీ రంగు బాగుందని నేను నీతో ఒక్కసారైనా అనలేదు తల్లీ. తప్పు నాదే" అన్నాడు. తర్వాత అడవంతా వినపడేలా అరిచాడు. "ఆ నియమం రద్దు! ఇవాళ్టి నుంచి నాట్యానికి ఒక్కటే నియమం. ఎవరూ ఎవరి కాళ్లూ తొక్కకూడదు. చిన్నవాళ్లవి అసలే తొక్కకూడదు!"

గిజిగాడు టోపీ విసిరేశాడు. కప్ప వానలో కడుక్కున్నాడు. తన కాళ్లన్నీ ఎక్కడ దాచుకోవాలా అని రోకలిబండ పురుగు ఒక్కటే దిగులుపడింది. తాబేలు తాత గేటు బార్లా తెరిచాడు. అందరికంటే ముందు మందారం లోపలికి వెళ్లింది, ఆ వెనకే మాస్టారు. డప్పు ఆగేదాకా ఇద్దరూ ఆడుతూనే ఉన్నారు.

నీతి: మనకు వర్తిస్తే మనం భరించలేని నియమాన్ని ఎదుటివాళ్ల మీద పెట్టకూడదు.