నువ్వూ ఓ చెయ్యి వెయ్యి

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు మాట ఇది, పిల్లలూ. కలువకోటను ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, చిన్నవాడు సుమంతుడు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు మందారిక అనే రాకుమారిని తన కోటలో బంధించాడు. "ఆమెను విడిపించి తెచ్చినవాడే నా తరవాత రాజు" అన్నాడు తండ్రి.

ఇద్దరూ ఒకే పడవ ఎక్కారు. జయకేతుడు మహాభక్తుడు. అమ్మవారికి నూటొక్క కొబ్బరికాయలు కొట్టి మరీ బయల్దేరాడు.

ఏడో సముద్రంలో పడవ ఇసుక మేటలో ఇరుక్కుంది. జయకేతుడు కళ్లు మూసుకుని జపం మొదలుపెట్టాడు. సుమంతుడు నీళ్లలోకి దూకి, భుజం ఆనించి, "తల్లీ, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అంటూ తోశాడు. తోశాడు, తోశాడు. అప్పుడొక తాబేలు వచ్చింది. "నీ అవస్థ చూడలేకపోయానయ్యా" అంటూ పడవను వీపుతో ఎత్తింది.

జయకేతుడికి కడుపు భగ్గుమంది. 'కొబ్బరికాయలు నావి, తాబేలు వాడిదా?'

ఒడ్డు చేరారు. కరాళుడి కోట తలుపు ఎంత తోసినా తెరుచుకోలేదు. అన్న మళ్లీ జపంలో కూర్చున్నాడు. తమ్ముడు "తల్లీ, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అంటూ గోడ కింద మట్టి తవ్వాడు. గోళ్లు విరిగాయి. అప్పుడొక పందికొక్కు వచ్చి సొరంగం తవ్వింది. "కరాళుడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక పెరట్లో ముళ్లచెట్టు తొర్రలో ఉంది" అని చెప్పింది కూడా.

జయకేతుడు కుళ్లిపోయాడు. 'కిటుకంతా వీడి మంత్రంలో ఉంది. ముందెళ్లి అదే చదువుతాను. రాకుమారీ నాకే, రాజ్యమూ నాకే!'

తమ్ముణ్ణి పక్కకు నెట్టి సొరంగంలో పరుగెత్తాడు. చెట్టు కింద చేతులు జోడించి నిలబడ్డాడు. "తల్లీ, నువ్వు ఓ చెయ్యి వెయ్యి! తల్లీ, నువ్వు ఓ చెయ్యి వెయ్యి!" మంత్రాన్ని కాజేశాడు గానీ, 'నువ్వూ'లో దీర్ఘాన్ని వదిలేశాడు.

చిలక దిగిరాలేదు, కరాళుడొచ్చాడు. వాడు మంత్రం ఎత్తుకోగానే జయకేతుడి పాదాలు రాయయ్యాయి. తరవాత మోకాళ్లు. తరవాత నడుము.

అన్నను చూసి సుమంతుడు పరుగున వచ్చి ముళ్లచెట్టు ఎక్కాడు. జారాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. మూడోసారి తొర్ర జానెడు దూరంలో ఉందనగా పట్టు సడలింది. "తల్లీ, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి!"

జారిన సుమంతుడి పాదం సరిగ్గా జయకేతుడి తలమీద కొట్టుకుంటోంది. అతని చేతులింకా రాయి కాలేదు. ఎత్తితే రాజ్యం తమ్ముడిది, రాకుమారి తమ్ముడిది. తలుచుకుంటేనే ఒళ్లు మండింది. కానీ ఆ పాదం నిండా నెత్తురు. తనకోసం ఎక్కిన పాదం అది. మండుతూనే, జోడించిన చేతులు విడదీసి, పాదం కింద పెట్టి పైకెత్తాడు.

చిలక చిక్కింది. కరాళుడు కూలాడు. రాళ్లు మళ్లీ కాళ్లయ్యాయి.

"తల్లి చెయ్యి వేసింది, అన్నయ్యా!" అన్నాడు సుమంతుడు.

"తల్లి కాదురా, నేను!" ముళ్లు గుచ్చుకున్న అరచేతులు చూపించి కసిరాడు జయకేతుడు.

"నేనన్నదీ అదేగా!"

మందారిక సుమంతుణ్ణి కోరి పెళ్లాడింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా ఏలారు. జయకేతుడు మంత్రి అయ్యాడు. అసూయ పోయిందా అంటారా? పూర్తిగా పోలేదు. రోజూ తెల్లారగానే "తల్లీ, నువ్వూ..." అని దీర్ఘం గట్టిగా తీసి, తమ్ముడికన్నా ముందే పనిలోకి దిగేవాడు.