వలకు తలుపు

అచ్యుతయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడు తన ప్రశ్నను తానే మరొకసారి మనసులో విని చూసుకునేంతసేపు ఆగేవారు. ఆ తర్వాత కూడా వాదనకు దిగేవారు కాదు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థమైనవాళ్లు లేచి వెళ్లేవారు, కానివాళ్లు మర్నాడు మళ్లీ వచ్చేవారు.

ఒక ఉదయం శశిధర్ అనే శిష్యుడు కొండెక్కి ఆయన దగ్గరకు వచ్చాడు. మొక్కల మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్లు పడేలా పొలాలకు పైపులు అమర్చే కంపెనీలో అతను ఇంజినీరు. తాను ఎంతో ఇష్టంగా పనిచేసిన ఒక మెట్ట ఊరికి చాలాకాలం తర్వాత వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. నీళ్లు ఆదా అయిన మాట నిజమే. ఆ ఆదా అయిన నీళ్లతో మోతుబరులు కొత్తగా బీళ్లన్నీ సాగులోకి తెచ్చారు. బోర్లు ఇంకా లోతుకు దిగాయి. పక్కనున్న చిన్న రైతుల బావులు ఎండిపోయాయి.

"గురువుగారూ, నీళ్లు మిగల్చాలని నేను చేసిన పనే ఆ ఊరి గొంతు ఎండగట్టింది. మనిషి కనిపెట్టే కొత్త సాధనాలు ఈ భూమిని రేపటివాళ్లకు మిగులుస్తాయా, ఇంకా తొందరగా ఖాళీ చేస్తాయా? రెండోదే నిజమైతే ఈ ఉద్యోగం మానేసి మీ దగ్గరే ఉండిపోతాను" అన్నాడు.

అచ్యుతయ్య గారు కాసేపు సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత, "ఈ కొండ కింద పల్లెలో గరికిన ఎల్లాజీ అని ఒక సరంగు ఉన్నాడు" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

మరపడవ నడిపేవాణ్ని అక్కడ సరంగు అంటారు. ఎల్లాజీది సొంత పడవే. బావమరిది దానయ్య అందులో సగం వాటాదారు. వల లాగడానికి నలుగురు కళాసీలు ఉండేవారు. ఎల్లాజీ చిన్నతనంలో వాళ్ల నాన్న తెరచాప పడవ మీద వేటకు వెళ్లేవాడు. అప్పట్లో వలలో సముద్రపు తాబేలు పడితే బతికే ఉండేది. కూర్మనాథుడి రూపమని దాన్ని పైకి లాగి, వీపు మీద కాస్త పసుపు రాసి, "ఎల్లిరా తల్లీ" అని నీళ్లలోకి దింపేవారు. ఇంజన్లు వచ్చాక పని మారిపోయింది. పెద్ద వలను పడవ వెనక కట్టి, సముద్రం అడుగున గంటల తరబడి ఈడుస్తారు. తాబేలు నీటిలో ఉన్నా పైకొచ్చి గాలి పీల్చుకోవలసిన జీవి. అన్ని గంటలు వలలో చిక్కుకుంటే దానికి ఊపిరందదు. చలికాలంలో అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డు వైపు వచ్చేవేళకు, ఇసుక మీదికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చేవి. పల్లెవాళ్లు వాటిని చూసి చెంపలు వేసుకునేవారు. మళ్లీ వేటకు వెళ్లేవారు. వెళ్లక ఏం చేస్తారు?

అలాంటి రోజుల్లో నళిని అనే పరిశోధకురాలు ఆ పల్లెకు వచ్చింది. చేపల వేట సాధనాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. తాను తయారుచేసిన ఇనప చట్రం ఒకటి వెంట తెచ్చింది. దాన్ని వల గొంతులో ఏటవాలుగా కూర్చోబెడతారు. చువ్వల సందుల్లోంచి రొయ్యలూ చేపలూ వెనకనున్న సంచిలోకి జారిపోతాయి. తాబేలు ఆ సందుల్లో పట్టక చువ్వలకు ఆనుకుని, ఆ వాలు వెంట పైకి జరిగి, అక్కడ వలకు పెట్టిన తలుపు నెట్టుకుని బయటపడుతుంది. తలుపంటే వలముక్కే. ఒకవైపు కుట్టి మూడువైపులా వదిలేసిన రెక్క. నళిని ఇదంతా ఓపిగ్గా చెప్పింది. పడవల వాళ్లు నవ్వారు. "తాబేలు ఎల్లిపోయే దారిలో రొయ్య ఎల్లిపోదేటమ్మా?" అన్నారు.

ఎల్లాజీ ఒక్కడే ఒప్పుకున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే అతని వలలో ఒక తాబేలు చచ్చి పైకొచ్చింది. పడవ మీదికి లాగినప్పుడు దాని కడుపులోంచి గుడ్లు జారి చెక్కల మీద దొర్లాయి. ఆ మెత్తటి తెల్లటి గుడ్లను ఏంచేయాలో తెలియక దోసిట్లో పట్టుకుని నిలబడిపోయిన సంగతి అతను అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

చట్రం కట్టాక మొదటి వేటలోనే రొయ్య తగ్గింది. రెండో వేటలో ఇంకా తగ్గింది. సముద్రం అడుగున ఉండే ప్లాస్టిక్ సంచులూ నాచూ వచ్చి చువ్వలకు అడ్డం పడుతుంటే, రొయ్యలు వాటితోపాటు తలుపులోంచి జారిపోతున్నాయి. పక్క పడవలు బుట్టలు నింపుకుని వస్తుంటే కళాసీలు తలలు దించుకుని దిగేవారు. వాళ్ల కూలి పట్టిన సరుకులో వాటాయే.

"బావా, నువ్వు పుణ్యం సేసుకో, నాను కాదన్ను. మా పిల్లల నోటికాడ కూడు తీసి సేత్తే అదేం పుణ్యం?" అన్నాడు దానయ్య. "కళాసీలు ఏరే పడవ సూసుకుంటన్నారు. ఆళ్లెల్లిపోతే నువ్వూ నానూ ఈ పడవని ఒడ్డున పెట్టుకుని పూజ సేసుకోవాల."

దానయ్య అన్నదాంట్లో తప్పు లేదని ఎల్లాజీకి తెలుసు. తర్వాతి వేటలో పొద్దెక్కాక, కళాసీలంతా ముందువైపు చేరి గంజి తాగుతున్నప్పుడు, అతను వెనక కూర్చుని వల గొంతు ఒళ్లోకి లాక్కున్నాడు. వల బాగుచేసే సూదిలో దారం ఎక్కించి ఆ రెక్కను మూడువైపులా కుట్టేశాడు. ఈ ఒక్క వేటకే అనుకున్నాడు. కళాసీల చేతిలో నాలుగు రూపాయలు పడ్డాక మళ్లీ విప్పేద్దామనుకున్నాడు.

ఆ వేటలో రొయ్య బాగా పడింది. వల పైకి వస్తుంటే సంచి బరువు చూసి కళాసీలు కేకలు పెట్టారు. అంతలోనే చట్రం దగ్గర ఇంకేదో బరువు కనిపించింది. పెద్ద తాబేలు. మెడ వేలాడిపోయి ఉంది. ముందు రెక్కలు రెండూ సరిగ్గా ఆ తలుపు దగ్గరి వలలో చిక్కుకుని, గీసుకుపోయి, తెల్లగా తోలు లేచి ఉన్నాయి. అది తలుపును వెతుక్కుంది. వెతికి పట్టుకుంది. తోసి తోసి అక్కడే చచ్చిపోయింది.

కళాసీలు తాబేలును వలలోంచి విడదీసి పక్కకు లాగి దాని చుట్టూ మూగినప్పుడు ఎల్లాజీ నడుము దగ్గరి కత్తి తీసి, వల సవరిస్తున్నట్టు వంగి, తాను వేసిన కుట్లన్నీ కోసేశాడు. దారం ముక్కలు నీళ్లలో పడి అలల మీద కాసేపు తేలి మాయమయ్యాయి. కంగారులో బొటనవేలు తెగింది. ఎవరూ చూడలేదు.

"సూసినావా బావా! తలుపున్నా సచ్చిపోనాది. ఇదంతా ఒట్టి బూటకం" అన్నాడు దానయ్య. అతని మాటలో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. ఊళ్లో అందరికీ చూపించాలని తాబేలును ఒడ్డుకు తెచ్చారు.

ఇసుక మీద జనం పోగయ్యారు. నళినికి కబురు వెళ్లింది. ఆమె వచ్చి తాబేలు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చట్రం చూసింది, రెక్క ఎత్తి చూసింది, గీసుకుపోయిన ఆ ముందు రెక్కల మీద చెయ్యి పెట్టింది. పడవల యజమానులు తలో మాటా అన్నారు. ఇక ఈ చట్రాలు ఎవరూ కట్టేది లేదని పల్లె పెద్దమనిషి గట్టిగా చెప్పాడు. ఆమె ఎదురు చెబుతుందని, తాబేలును చంపడం నేరమనే చట్టం మాటెత్తుతుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం తల ఎత్తకుండానే, "ఎక్కడో నేనే పొరపాటు చేసి ఉంటాను. తలుపు తెరుచుకోలేదంటే తప్పు నాదే. ఆ తాబేలు చివరిదాకా ప్రయత్నించింది. చట్రం వెనక్కి తీసుకెళ్తాను" అంది.

ఆమె తిట్టి ఉంటే ఎల్లాజీ తట్టుకునేవాడు. నిందంతా తన మీద వేసుకుని లేచి చట్రం ముడులు విప్పుతున్న ఆ చేతులను చూడలేకపోయాడు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ చట్రం ఏ గోదాములోనో తుప్పు పడుతుందనీ, ఇలాంటిది మళ్లీ ఈ ఒడ్డుకు రాదనీ అతనికి తెలుసు. జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు.

"ఇప్పకమ్మా" అన్నాడు. ఆమె చేతులకు అడ్డంగా చట్రం మీద చెయ్యి వేశాడు. "తలుపు తప్పు కాదు. నానే కుట్టేసినాను. సచ్చిపోయినాక నానే కోసేసినాను."

ఒక ముసలామె ఎల్లాజీ కాళ్ల దగ్గర ఉమ్మేసి వెళ్లిపోయింది. నళిని లేచి అతని ఎదుట నిలబడింది. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది.

"రొయ్య పోతోందని నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా ఎల్లాజీ గారూ! ఎందుకు చెప్పలేదు?"

"మీరొచ్చిన కాడినుంచి తాబేళ్ల గురించే అడిగినారమ్మా. రొయ్యలెన్ని పడ్డాయని ఒక్కసారైనా అడిగినారేటి?"

తప్పు చేసినవాడు తనను అడగవలసిన మాట కాదని ఆమెకు తెలుసు. అడిగిన మాట నిజమనీ తెలుసు. చివరికి ఆమె, "రేపు నన్ను వేటకు తీసుకెళ్తారా?" అని అడిగింది.

తాబేలును ఆ సాయంత్రమే ఇసుకలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టారు. గొయ్యి తీసింది ఎల్లాజీయే. సాయానికి ఎవరూ రాలేదు. మట్టి పూడ్చే వేళకు దానయ్య వచ్చి రెండో పార అందుకున్నాడు.

నళిని వేటకు వెళ్లింది. మొదటిరోజంతా పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటూనే ఉంది. కళాసీలు నిమ్మకాయ చేతికిచ్చారు. మర్నాడు మళ్లీ వచ్చింది. చువ్వలకు చెత్త ఎలా పడుతోందో, తలుపు రెక్క ఎప్పుడు లేచి ఊరికే తెరిచి ఉండిపోతోందో కళ్లారా చూసింది. ఒంటి రెక్క బదులు ఒకదాని మీద ఒకటి కప్పుకునే రెండు రెక్కలు పెట్టి చూశారు. చట్రం వాలు మార్చారు. కొన్నిసార్లు ఇంకా పాడైంది. ఒకసారి వల మొత్తం చిరిగితే, దానయ్య ఆమెను ఒడ్డున దింపేద్దామన్నాడు. వేటకాలం ముగిసేసరికి మాత్రం, జారిపోయే రొయ్య గురించి కళాసీలు మాట్లాడుకోవడం మానేశారు.

ఒకరోజు ఆమె నీళ్లలో పనిచేసే చిన్న కెమెరా తెచ్చి చట్రం పైన కట్టింది. వల పైకి వచ్చాక అందరూ ఆ చిన్న తెర చుట్టూ చేరారు. మసక పచ్చటి నీళ్లు. చువ్వల మీదుగా గుంపులుగా పోతున్న రొయ్యలు. ఉన్నట్టుండి చీకటిలా ఒక తాబేలు వచ్చి చువ్వలకు తగిలింది. కంగారుగా రెక్కలాడించింది. కళాసీల్లో ఒకడు "అమ్మా" అన్నాడు. అది వాలు వెంట పైకి జరిగింది, తలతో రెక్కను నెట్టింది, ఒక్క విసురుతో బయటపడి వెలుతురు కనిపించే వైపు ఈదుకుంటూ పోయింది. దానయ్య అప్రయత్నంగా రెండు చేతులూ జోడించాడు. ఎల్లాజీ మాత్రం తెర వంక చూడలేక మొహం తిప్పుకున్నాడు. కుట్టేసిన తలుపు దగ్గర ఇంకొక తాబేలు ఎంతసేపు తోసిందో అతనికి ఆ క్షణాన కనిపించింది.

మరుసటి ఏడాది ఆ పల్లెలో సగం పడవలు చట్రం కట్టుకున్నాయి. మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. ఒడ్డుకు చచ్చిన తాబేళ్లు కొట్టుకురావడం తగ్గింది. ఆగిపోలేదు.

అచ్యుతయ్య గారు చెప్పడం ఆపారు. తను వెళ్లొచ్చిన మెట్ట ఊరు, ఎండిపోయిన బావుల దగ్గర ఖాళీ బిందెలతో నిలబడిన ఆడవాళ్లు శశిధర్ కళ్లముందు మెదిలారు. పైపుల గురించి ఆ ఊళ్లో ఎంతసేపైనా మాట్లాడాడు గానీ, మిగిలిన నీళ్లు ఎవరివని ఒక్కరినీ అడగలేదని గుర్తొచ్చింది.

"అయితే గురువుగారూ, ఆ చట్రం ఉన్నంతకాలం ఆ తాబేళ్లకు భయం లేదంటారా?" అని మెల్లగా అడిగాడు.

"ఆ తలుపు కనిపెట్టడానికి నళినికి ఏళ్లు పట్టాయి నాయనా" అన్నారు అచ్యుతయ్య గారు. "కుట్టెయ్యడానికి ఒక బీడీ కాలినంతసేపు చాలు."