అరుగు ఆరేదాకా

ఒక రాజు కోట ముందు ఒక చెక్క అరుగు ఉండేది. మొర ఉన్నవాళ్ళు దాని మీదికెక్కి చెప్పుకోవాలి. ఎక్కిన మనిషి దిగేదాకా రాజు మేడ మీద నిలబడి వినాలి, మధ్యలో లోపలికి వెళ్ళకూడదు. నేల మీద నిలబడి ఎంత అరిచినా అది మొర కిందికి రాదు. రాజుగారి తాత పెట్టిన కట్టుబాటు అది.

ఎండకీ వానకీ అరుగు పాడైంది. టేకు బల్లలు బూడిదరంగుకి తిరిగాయి, సందుల్లో నాచు పట్టింది. ఒకరోజు గొర్రెలకాపరి అరికాల్లో చెక్కపేడు దిగింది. అరుగు బాగుచెయ్యమని రాజు వడ్రంగిని పిలిపించాడు.

బల్లల్ని చూడగానే వడ్రంగికి జాలేసింది. గోటితో గీకి చూశాడు. పైనే బూడిద, లోపల చెక్క నిక్షేపంలా ఉంది. కుంకుడు పులుసుతో కడిగాడు. కొబ్బరిపీచుతో నాచు రుద్దాడు. చింతపండు రసం పట్టించి నలుపు వదలగొట్టాడు. బాగా ఎండనిచ్చి, చిత్రిక పట్టి, పేళ్ళన్నీ తీసేశాడు. చివరికి చేత్తో నాలుగు నీటిచుక్కలు చిలకరించాడు. చుక్కలు పైన నిలవకుండా చెక్క పీల్చేసుకుంది. దాహంగా ఉంది, ఇక నూనె పట్టొచ్చు అనుకున్నాడు.

అవిసెనూనె పలచగా పట్టించి, చెక్క తాగగా మిగిలింది గుడ్డతో తుడిచేశాడు. బల్లలు తేనెరంగుకి వచ్చాయి. ఎవరూ తొక్కకుండా చుట్టూ తాడు కట్టాడు.

అప్పుడే కాలువ చివరి ఊరి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె చేతిలో గుప్పెడు వరినారు ఉంది.

"ఎక్కొచ్చా నాయనా?"

"తడిగా ఉంది అవ్వా. మూడ్రోజులు ఆగు."

"నేనాగుతాను. మా నారు ఆగొద్దూ? పద్దెనిమిది రోజుల నారు. కడవలతో నీళ్ళు మోసి బతికిస్తున్నాం. నాటుదామంటే పొలంలో చుక్క నీరు లేదు. తూముకి తాళం వేశారు. మంత్రిగారి చెరుకుతోట తడిసేదాకా తియ్యరంట. నెల దాటితే ఈ నారు ముదిరిపోతుంది. నాటినా పిలకలెయ్యదు."

"మూడ్రోజులే అవ్వా."

ఆమె అరుగు పక్కనే అతను వేసుకున్న పాక నీడన కూర్చుని మూట విప్పింది. చద్దన్నంలో సగం అతనికి పెట్టింది. అరుగు వంక చూసి నవ్వింది.

"ఈ బల్లలకి నువ్వు రాసినంత నూనె మా ఆయన పెళ్ళినాడు కూడా నా తలకి రాయలేదు."

మూడో రోజు మంత్రి వచ్చాడు. వంగి బల్లని నిమిరాడు. చాలాసేపు మెచ్చుకున్నాడు.

"ఇంకో పూత వెయ్యి," అన్నాడు.

"చాలండయ్యా. చెక్క తాగేదంతా తాగింది."

"ప్రజల పాదాలే ఈ రాజ్యానికి పునాది. ఆ పాదాలు మోసే చెక్కకి నూనె దగ్గర పిసినారితనమా? నీలాంటి పనివాడు ఈ మాట అనకూడదు."

వడ్రంగి పనిని అంతవరకూ ఎవరూ నిమిరి చూడలేదు. అతను పొంగిపోయాడు. రెండో పూత వేశాడు. మర్నాడు మూడోది వేయించారు. ఆ మర్నాడు నాలుగోది. భటుడొకడు తాడుకి పలక వేలాడదీశాడు: "మీ అరుగు, మీ కోసమే. తడి ఆరలేదు. ఎక్కకండి."

తాడు బయట జనం పెరిగారు. కుంటుతూ గొర్రెలకాపరి, మట్టిగుంట గొడవతో కుమ్మరి, ఇంకా ఎందరో. పొద్దున్నే వచ్చి, పలక చదివించుకుని, చెట్ల కింద చతికిలబడేవాళ్ళు.

"మనకోసం ఎంత శ్రద్ధ తీసుకుంటున్నారో చూడు," అన్నాడు కాపరి, కాలు పట్టుకుని.

"అవును మరి. మనం తొక్కితే పాడైపోదూ?" అన్నాడు కుమ్మరి.

మేడ మీది కిటికీలోంచి రాజు చూసేవాడు. అరుగు అద్దంలా మెరిసేది. దాని మీద ఒక్క మనిషీ ఉండేవాడు కాదు. "పదిరోజులుగా ఒక్క మొర లేదు. నా ప్రజలు సుఖంగా ఉన్నారు," అనుకుని తృప్తిగా భోజనానికి వెళ్ళేవాడు.

ముసలమ్మ మాత్రం రోజూ అడిగేది. "ఆరిందా నాయనా?" చేతిలో నారు కొసలు పసుపుబారుతున్నాయి.

ఒక మధ్యాహ్నం వడ్రంగి బల్ల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి అతుక్కుంది. నూనె లోపలికి దిగలేదు. జిగురై, తోలులా పైనే పేరుకుంది. అందులో చీమలున్నాయి, వేపపూత ఉంది, రెక్కలు చాపిన తెల్లటి సీతాకోకచిలుక ఒకటి ఉంది. అతను చెయ్యి ఊడబెరుక్కున్నాడు. మంత్రి దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యా, ఇలా వేస్తూ పోతే అది ఎప్పటికీ ఆరదు."

మంత్రి తల పంకించాడు. "తడిగా ఉన్నన్నాళ్ళూ పని జరుగుతున్నట్టే కదా. జరుగుతున్న పనిని జనం చూడాలి. వెళ్ళి ఇంకో పూత వెయ్యి."

వడ్రంగి తిరిగొచ్చి అరుగు పక్కన నేల మీద కూర్చున్నాడు. తన చేతులకేసి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది చెక్కని కాదని అతనికి అర్థమైంది.

మర్నాడు ఉలి పట్టుకొచ్చాడు. కొత్త పూతకి ముందు గీకాలని భటులతో చెప్పాడు. జిగురంతా గీకి తీశాడు. మళ్ళీ ఒకే ఒక్క పూత, పలచగా, పట్టించి తుడిచాడు. ఆపైన రోజూ ఖాళీ కుండలో గుడ్డ ముంచి, అరుగంతా నూనె పట్టిస్తున్నట్టు రుద్దేవాడు. చెయ్యి కదులుతోంది కాబట్టి మంత్రి సంతోషించాడు. పలక అలాగే వేలాడింది. ఎండ తన పని తను చేసుకుపోయింది.

నారుకి ఇరవై తొమ్మిది రోజులు నిండిన పొద్దున వడ్రంగి తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎక్కు అవ్వా. ఆరింది."

ఆమె వెనక్కి తగ్గింది. "నా కాళ్ళ నిండా బురద. ఇన్నాళ్ళ కష్టం నాయనా, పాడైపోతుంది."

"పాదం పడని అరుగు ఉంటేనేం, లేకపోతేనేం?"

అతను కండువాతో ఆమె పాదాలు తుడవబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. తన చీరకొంగుతో తనే తుడుచుకుని, పసిపిల్లని దాటుతున్నంత మెల్లగా కాలు పైకి పెట్టింది.

చెట్ల కింద జనం లేచి నిలబడ్డారు. రాజు మేడ మీదికి వచ్చాడు. వెనకే రొప్పుతూ మంత్రి.

"ప్రభూ, అరుగు తడిగా ఉంది! తొక్కితే కాళ్ళు అతుక్కుపోతాయని పలక కూడా పెట్టించాను!"

ముసలమ్మ తన మొర చెప్పింది. తూము గురించి, తాళం గురించి, నారు గురించి. చెరుకుతోట సంగతి కూడా దాచలేదు. రాజు అంతా విన్నాడు.

"విచారిస్తాం అవ్వా. ఇక దిగు."

ఆమె కాళ్ళ వంక చూసుకుంది. వడ్రంగి వంక చూసింది. తర్వాత రాజుకి దణ్ణం పెట్టింది.

"మంత్రిగారు నిజమే చెప్పారు బాబూ. కాళ్ళు అతుక్కుపోయాయి."

రాజు మంత్రి వైపు తిరిగాడు. "అంత తడిగా ఉందా?"

మంత్రి నోరు తెరిచాడు. లేదంటే, ఇన్నాళ్ళూ ఉందన్నది ఏమవుతుంది? "ఉంది ప్రభూ," అన్నాడు నీరసంగా.

ఎండ రాజు నెత్తి మీదికి వచ్చింది. లోపల భోజనం చల్లారుతోంది. ఆయన కిందికి వంగి వడ్రంగిని అడిగాడు. "ఏమోయ్, ఇది ఎప్పుడు ఆరుతుంది?"

"కాలువ చివరికి నీళ్ళు చేరేసరికి ఆరుతుందనుకుంటానండీ," అన్నాడు వడ్రంగి.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. తాళంచెవి తెప్పించారు. ఒక రౌతు దాన్ని పట్టుకుని గుర్రమెక్కాడు. రౌతు వెనక్కి వచ్చేదాకా ముసలమ్మ అరుగు మీద నిలబడే ఉంది. ఆమె అలిసినప్పుడు వడ్రంగి తన భుజం ఆనించాడు. ఆమె బరువు నారుకట్టంత కూడా లేదు.

పొద్దు వాలుతుండగా రౌతు వచ్చాడు. తూము ఎత్తారనీ, నీళ్ళు చివరి మడి దాకా పారాయనీ చెప్పాడు. ముసలమ్మ చేతిలో నారుని కళ్ళకద్దుకుని, చకచకా మెట్లు దిగి, వెనక్కి చూడకుండా ఊరి దారి పట్టింది.

ఆమె నిలబడ్డ చోట మరక లేదు. రాజు అది చూశాడు. మంత్రినీ చూశాడు. వడ్రంగితో మెత్తగా అన్నాడు. "పాపం, అంతసేపు తొక్కింది. ఇంకో పూత వెయ్యి."

వడ్రంగి నూనెకుండ కోసం పాకలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అరుగు మీద కుమ్మరి ఉన్నాడు, రెండు పాదాలూ ఎడంగా పెట్టి, చేతులు కట్టుకుని.

"నాకూ అతుక్కుపోయాయి," అన్నాడు కుమ్మరి.