ఏ నూటికి?

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక గానుగ. అడవిలో గానుగేమిటని ముఖాలు అలా పెట్టకండి పిల్లలూ! ఏనుగు అప్పలస్వామి తలుచుకుంటే గానుగకేం కొదవ? ఇప్పపప్పు పోసి, తొండంతో రోకలి తిప్పాడంటే నూనె జలజలా కారాల్సిందే. సగం అడవికి అక్కడే పని. కూలి మాత్రం డబ్బు కాదు, సోలతో కొలిచి ఇచ్చే కొర్రలు.

గవరమ్మ అనే ఉడుత అక్కడ ఇప్పకాయలు కొరికి పప్పు తీసేది. కటకటా కొరుకుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. సోములు అనే తాబేలు నూనె కుండలు వీపు మీద మోసేవాడు. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరేవాడు గానీ, చుక్క ఒలకనిచ్చేవాడు కాదు. వీళ్లిద్దరూ వరసకు ఏమీ కారు. అయినా బావా, మరదలా అని పిలుచుకునేవారు. అలాగే పోట్లాడుకునేవారు.

గవరమ్మకు ఒకటే బెంగ. ఆమె పనిముట్లు పళ్లే. అవి అరిగిపోతే కూలీ లేదు, కూడూ లేదు. వాళ్ల అమ్మమ్మ బోసినోటితో కూడా గానుగ గుమ్మంలో పొట్టు ఏరుకుని బతికింది.

"నేను అలా బతకను బావా. పళ్లు అరిగే వేళకి ఏటి ఒడ్డున నేరేడు కొమ్మ మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంటాను. కొర్రల జావ తాగుతూ నీలాంటివాళ్లని వెక్కిరిస్తాను" అనేది.

అందుకు నాలుగు వేల సోలల కొర్రలు కావాలని లెక్క కూడా వేసుకుంది.

ఒకరోజు ఏనుగు అందర్నీ పిలిచాడు.

"ఇదిగో వినండి. ముసలితనం కోసం ఏడాదికి యాభై సోలలు మీ కూలిలోంచి దాచండి. నేనూ ఇంకో యాభై కలుపుతాను. ఏడాదికి నూరు! నెమలి గాదె ఉంది, చీమ గాదె ఉంది. ఎక్కడ దాస్తారో మీ ఇష్టం" అన్నాడు.

గాదె అంటే గింజలు దాచే పెద్ద బుట్ట. అందులో కొర్రలు ఊరికే పడుండవు. విత్తనాల వేళ అడవిపందులకు నాగు ఇస్తారు. అంటే నూరు సోలలిస్తే, పంట వచ్చాక నూట ఏడు తిరిగి కొలిపించుకుంటారన్నమాట. అలా కుప్ప పెరుగుతుంది.

ఒక కుందేలు మాత్రం మీసం తిప్పింది.

"నా గింజలకి మధ్యలో ఇంకొకళ్లు ఎందుకు? నా బొరియలో నేనే దాచుకుంటా. ఎవరికీ ఏమీ ఇచ్చేది లేదు" అంది.

గాదెలో దాచనందుకు ఏనుగు ఇచ్చే యాభై పోయింది. రెండో వానలకే బొరియలో పురుగు పట్టింది. నూటికి ఇంత తింటామని పురుగులు చెప్పి తింటాయా?

గవరమ్మ, సోములు ముందుగా నెమలి దొరబాబు గాదెకి వెళ్లారు. అబ్బో, ఏం హంగు! గుమ్మానికి మామిడాకులు. లోపల నాట్యం. ప్రతి విస్తట్లో వేడివేడి కొర్రబూరెలు!

"రండి రండి, గవరమ్మగారూ" అన్నాడు దొరబాబు.

గవరమ్మని 'గారూ' అన్నవాడు అంతవరకూ ఎవడూ లేడు. తోక రెండింతలు ఉబ్బింది.

"ఈ బూరెలు?"

"మీకు ఉచితమండీ!"

"మరి గింజల కాపలా కూలి?"

"నూటికి రెండు సోలలు. రెండంటే రెండే!"

గవరమ్మ వేళ్లు మడిచింది. ఏడాదికి తాను వేసేది నూరు. నూటికి రెండు. అంటే ఏడాదికి రెండు సోలలు. ఇంతేనా? ఈ బూరెల ముందు అదొక లెక్కా!

సోములు మెడ మెల్లగా బయటికి చాచాడు.

"ఏ నూటికి, బాబూ?"

"అంటే?" అన్నాడు దొరబాబు.

"నేను ఈ ఏడు వేసే నూటికా? పోగుపడిన కుప్పలో ఉన్న ప్రతి నూటికా?"

దొరబాబు చటుక్కున పింఛం విప్పాడు. కుడికి ఒక తిప్పు తిరిగాడు. ఎడమకి ఒక తిప్పు తిరిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నాట్యం బ్రహ్మాండం. జవాబు మాత్రం రాలేదు" అన్నాడు సోములు.

గవరమ్మకి తల కొట్టేసినట్టయింది. "పరువు తీస్తున్నావు బావా! అంతటి పెద్దమనిషిని పట్టుకుని ఏ నూటికి అంటావేంటి? నూరంటే నూరే! బూరెలు చల్లారిపోతున్నాయి, నోరు మూసుకుని తిను" అంది.

గవరమ్మ తన గింజలు అక్కడే పోసింది. దొరబాబు షరతులు రాసిన తాటాకు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. అది ఎంత మెత్తగా ఉందో! ఇంటికి తీసుకెళ్లి తొర్రలో పిల్లల కింద పరిచింది. చదవలేదు.

సోములు మాత్రం నడుచుకుంటూ చీమ సన్యాసమ్మ గాదెకి పోయాడు. అక్కడ మామిడాకు లేదు, మజ్జిగ చుక్క కూడా లేదు.

"ఏ నూటికి, సన్యాసమ్మా?" అని అడిగాడు.

చీమ తలెత్తకుండానే చెప్పింది. "కుప్పలో ఉన్న ప్రతి నూటికి, ప్రతి ఏడూ, పావు సోల. నాకు నాట్యం రాదు. బూరెలు వండను. తడి తగలనివ్వను, పురుగు పట్టనివ్వను. ఇష్టమైతే గింజలు అక్కడ పొయ్యి, లేకపోతే తోవకి అడ్డం లే."

సోములు గింజలు పోసేశాడు.

ఏళ్లు గడిచాయి. ఏటేటా గవరమ్మ దొరబాబు దగ్గర బూరెలు తినేది, ఒకటి చెంగున కట్టుకొచ్చి సోములుకి పెట్టేది. "మీ చీమ ఇలాంటివి పెడుతుందా?" అని దెప్పేది. సోములు బూరె తినేవాడు, నవ్వేవాడు, మాట్లాడేవాడు కాదు. నోటి నిండా బూరె ఉంటే మాట్లాడేదెలా?

పదో ఏడు ఇద్దరూ గాదెల్లో కుప్పలు కొలిపించుకుని గానుగ దగ్గర కలిశారు.

"నాకు పన్నెండు వందల యాభై ఏడు సోలలు!" అంది గవరమ్మ గంతులేస్తూ.

"నాకు పదమూడు వందల అరవై అయిదు" అన్నాడు సోములు.

గంతు గాల్లోనే ఆగిపోయింది.

"నూట ఎనిమిది ఎక్కువా? దొంగా! నాకు తెలియకుండా ఇంకా వేశావా?"

"నువ్వెంత వేశావో నేనూ అంతే వేశాను మరదలా."

గవరమ్మ లెక్క చూసుకుంది. ఏడాది పొడుగునా దాచితే నూరు సోలలు. అంటే ఒక ఏడాది కష్టానికి మించి ఎగిరిపోయింది! నేరేడు కొమ్మ కళ్ల ముందే దూరం జరిగినట్టయింది. తొర్రలోకి పరిగెత్తింది. పిల్లల్ని లేపి కిందున్న తాటాకు లాగింది. సగం వాళ్లే కొరికేశారు. మిగిలిన సగం పట్టుకుని దొరబాబు ముందు నిలబడింది.

"ఇందులో ఏముందో చదివి వినిపించండి!"

దొరబాబు తన దగ్గరున్న ఆకు తీసి గొంతు సవరించుకున్నాడు. "కుప్పలో ఉన్న ప్రతి నూటికి, ప్రతి ఏడూ, రెండు సోలలు. నేనేమీ దాచలేదమ్మా. రాసే ఇచ్చాను కదా!"

గవరమ్మ వేళ్లు మళ్లీ మడవసాగింది. కుప్ప నూరున్నప్పుడు రెండు. రెండు నూర్లయ్యాక నాలుగు. మూడు నూర్లయ్యాక ఆరు. పోయిన ఏటి కుప్ప పదకొండు నూర్లు, కాబట్టి ఈ ఒక్క ఏడే ఇరవై రెండు! కుప్ప పెరిగే కొద్దీ కూలీ పెరిగింది. పైగా, పోయిన గింజలు నాగుకి పోవు కదా. వాటికి పుట్టాల్సిన పిల్ల గింజలూ పుట్టకుండానే పోయాయి.

"అంత కూలి ఎందుకండీ? చీమ పావుకే కాస్తోంది కదా?"

"మరి నాట్యం? మామిడాకులు? బూరెలు?"

"బూరెలు ఉచితమన్నారు కదా!"

"తినేటప్పుడు ఉచితమేనండీ" అన్నాడు దొరబాబు, కాస్త సిగ్గుపడుతూ. "పిండి మాత్రం మీ గాదెలోదే."

గవరమ్మకి అప్పుడర్థమైంది. పదేళ్ల పాటు తన కొర్రలతో చేసిన బూరెలే తిని, తానే పొగిడి, పైగా సోములుకి కూడా పంచిందన్నమాట!

మొదట ఏడుపొచ్చింది. అది సగం దూరం వచ్చి నవ్వయిపోయింది. అప్పటికి సోములు కూడా మెల్లగా అక్కడికి చేరాడు.

"బావా, నా బూరెలన్నీ తిన్నావు కదరా!"

"అందుకే రుచిగా ఉన్నాయి మరదలా" అన్నాడు సోములు. "అడిగే నోటికి బూరె అడ్డం పెడితే ఇంతే మరి. ఇప్పటికైనా మించిపోయిందేమీ లేదు, పద."

ఆ రోజే గవరమ్మ తన కుప్పంతా చీమ గాదెకి మార్పించింది. సన్యాసమ్మ తలెత్తకుండానే, "పదేళ్లు ఆలస్యంగా వచ్చావు. అక్కడ పొయ్యి" అంది.

మర్నాడు గానుగలో అందరికీ ఈ కబురు తెలిసిపోయింది. దొరబాబు పరుగున వచ్చి, "తగ్గించానండోయ్! నూటికి ఒకటే!" అని అరిచాడు.

"ఏ నూటికి?" అంది అడవంతా ఒక్క గొంతుతో. కుందేలు గొంతు అందరికంటే పెద్దగా వినబడింది.

దొరబాబు పింఛం విప్పబోయి, మానుకుని, మొదటిసారి సూటిగా, "కుప్పలో ఉన్న ప్రతి నూటికి, ప్రతి ఏడూ" అని జవాబు చెప్పాడు.

ఇరవయ్యో ఏడు వచ్చేసరికి సోములు కుప్ప నాలుగు వేలకి చేరింది. కుండ దించి, అందరికీ దండం పెట్టి, ఏటి ఒడ్డుకి బయలుదేరాడు. గవరమ్మకి మాత్రం ఇంకా రెండు నూర్లకు పైగా తక్కువ పడింది. బూరెల ఖరీదు అది. అరిగిన పళ్లతోనే ఇంకో ఏడాది కటకటా కొరికింది. కుప్ప నాలుగు వేలు దాటిన రోజున సన్యాసమ్మ మొట్టమొదటిసారి తలెత్తి, "వెళ్లిరా" అంది.

గవరమ్మ అడవికి అడ్డంపడి పరిగెత్తింది. సాయంత్రానికి నేరేడు చెట్టు కింద వాలింది. చూస్తే ఏముంది? చెట్టుకి నాలుగడుగుల దూరంలో సోములు ఇంకా నడుస్తూనే ఉన్నాడు!

"ఏడాది నుంచీ నడుస్తున్నావా బావా?"

"నువ్వు రావడానికి ఎలాగూ ఏడాది పడుతుందిగా మరదలా. తొందరెందుకు?"

గవరమ్మ కొమ్మెక్కి కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి ఇద్దరూ కొర్రల జావ తాగారు. బూరెల మాట ఎవరూ ఎత్తలేదు.

నీతి: ముసలితనానికి దాచుకునే చోట కాపలా కూలి చిన్నదిగా కనిపించినా, అది దేని మీద, ఎన్నేళ్లు, దేనికోసం తీసుకుంటారో ముందే అడగాలి; అడిగితే పోయేది ఒక్క క్షణం మొహమాటం, అడక్కపోతే పోయేది ఏళ్ల కష్టం.