దోసెడు సున్నం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి.

వెనకటికి మందులమ్మే ఎర్రక్కకు కొండవాలున ఓ పొలం చెక్క ఉండేది. అందులో ఉమ్మెత్త పెంచేది. ఆ ఎండుటాకు పొగ రవ్వంత పీల్పిస్తే చాలు, ఏడూళ్ళకు వినపడేలా ఉబ్బసంతో రొప్పేవాళ్ళు కూడా లేచి పరుగుపందెం కట్టేవాళ్ళు. ఆ చెక్క మీద దివాను భుజంగరాయుడి కన్ను పడింది. ఆయన బొజ్జ సభలోకొచ్చిన గడియకి గానీ ఆయన వచ్చేవాడు కాదు.

"ప్రభూ, ఇది విషం సాగు చేస్తోంది. ఆ చెక్క నాకు స్వాధీనం చేయండి," అన్నాడు ఓనాడు ఎర్రక్కను రాజు ముందుకి రప్పించి, తాంబూలం నములుతూ.

"విషం కాదు దొరా, మందు," అంది ఎర్రక్క.

"మందే అయితే ఈ ఉమ్మెత్త గింజలు దోసెడు తినవే, చూద్దాం!"

తింటే ప్రాణం పోతుంది, తినకపోతే చెక్క పోతుంది. ఎర్రక్క దివాను నోటి వంక చూసింది. ఎర్రగా పండి ఉంది. చేతిలో వెండి సున్నపుకాయ.

"అలాగే తింటా దొరా. తమరు రోజూ నోట్లో వేసుకునేదేగా ఆ సున్నం? ముందు తమరో దోసెడు తినండి. ఆ వెనకే నేను."

దివాను దవడలు ఆగిపోయాయి.

"కానీవయ్యా," అన్నాడు రాజు.

"నోరు కాలి చస్తాను ప్రభూ! అది గోటిమీద పట్టేంతే వేసుకోవాలి!"

"నా మందూ అంతే దొరా!"

రాజు నవ్విన నవ్వుకి సభ పైకప్పు పెంకులన్నీ ఎగిరి పక్క రాజ్యంలో పడ్డాయి. ఎర్రక్క సెలవైనా అడక్కుండా బుట్ట నెత్తినెట్టుకుని తన చెక్కకి నడిచింది.

నోరెళ్ళబెట్టింది చాల్లే, లేచెళ్ళి నాకు తమలపాకులు పట్రా. సున్నం మాత్రం గోటిమీద పట్టేంతే.